అన్నం పెడితే పుణ్యం, అర్జీ పెడితే గొడవ: వీధికుక్కల కోసం పనిచేసే వారిని మన హైదరాబాద్ నగరం ఎలా చూస్తోంది?

తార్నాక_పాఠకురాలు

మక్కా మసీదు ఆవరణలో పావురాలకు గింజలు చల్లే వారిని చూసి ఎవరూ ముఖం చిట్లించరు. గుడి ముందు ఆవుకు అరటిపండు తినిపించే వారికి పక్కకు తప్పుకుని దారి ఇస్తారు. వేసవిలో చలివేంద్రం పెట్టిన వారి పేరు నలుగురూ చెప్పుకుంటారు. వీధికుక్కకు ఇంత పెరుగన్నం పెట్టినా చాలామంది చూసీ చూడనట్టు ఊరుకుంటారు. అదే మనిషి మర్నాడు ఒక కాగితం పట్టుకుని, ఈ వీధిలో కుక్కలకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించండి, రేబిస్ టీకా వేయించండి, ఆ తర్వాత తిరిగి ఇక్కడే వదలండి అని కాలనీ సంఘం దగ్గరికో, ప్రభుత్వ కార్యాలయానికో వెళితే చూపు మారిపోతుంది. మీది ఏ సంస్థ, మీకు ఎంత ముడుతుంది, ఇంట్లో పెద్దవాళ్ళు ఏమీ అనరా, మనుషులకే దిక్కు లేనప్పుడు కుక్కల సంగతి మీకెందుకు అని వరుసగా ప్రశ్నలు మొదలవుతాయి.

తార్నాక, లాలాపేట, మెట్టుగూడ ప్రాంతాల్లో నేను కొందరు మిత్రులతో కలిసి ఈ పని చేస్తున్నాను. మాకు సంస్థ లేదు, రశీదు పుస్తకం లేదు, ఒక నోటుపుస్తకం మాత్రం ఉంది. అందులో వీధి వారీగా ఒక్కో కుక్క రంగు, మగదా ఆడదా, శస్త్రచికిత్స అయిందనడానికి గుర్తుగా చెవికి పెట్టే గాటు ఉందా లేదా, టీకా ఎప్పుడు పడింది, ఎవరి ఇంటి ముందు పడుకుంటుంది, దాని మీద ఎవరికి అభ్యంతరం ఉంది అని రాసుకుంటాము. చివరి గడి నింపడమే అన్నింటికన్నా కష్టం. అభ్యంతరం ఉన్నవారు మాతో మాట్లాడరు. కుక్కను కర్రతో కొడతారు, లేదా మేము లేని సమయం చూసి ఇంటికి వచ్చి మా అత్తమామలతో చెప్పి వెళతారు.

దానాన్ని ఇంతగా మెచ్చుకునే మనం, అదే పని కోసం ఒకరు నోరు తెరిచి అడిగితే ఎందుకు అనుమానిస్తాము? సభ్యులు తమ అభిప్రాయాలు రాయమని కోరుతున్నాను. కుక్కలంటే భయపడేవారు, కాటు తిన్నవారు తప్పకుండా రాయండి. వారి మాట వినకుండా ఈ చర్చ చేయడం నాకు ఇష్టం లేదు.

హబ్సిగూడ_సంఘం_కార్యదర్శి

అమ్మా, మీరు సౌమ్యంగా అడిగారు కనుక నేనూ దాపరికం లేకుండా చెబుతాను. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో నీళ్ళ తర్వాత స్థానం కుక్కలదే. మోకాళ్ళ నొప్పితో కర్ర పట్టుకుని నడిచే పెద్దవారు ఉదయపు నడక మానుకున్నారు. ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు సందు చివర నిలబడి ఇంటికి ఫోన్ చేస్తే, తల్లి వచ్చి చేయి పట్టుకుని తీసుకువెళ్ళవలసి వస్తోంది. వీరెవరూ కుక్కలను ద్వేషించేవారు కారు.

మా కాలనీలో అన్నం పెట్టేవారిలో సగం మంది మా కాలనీ వారు కారు. రాత్రి కారులో వస్తారు, విస్తరాకుల్లో అన్నం పెట్టి వెళ్ళిపోతారు. తెల్లవారేసరికి ఆ మెతుకులకు ఎలుకలు, పందికొక్కులు చేరుతాయి. ఎవరి గేటు ముందు పెట్టారో ఆ ఇంటివారు లేచి కడుక్కోవాలి. అడిగితే చట్టం మా వైపు ఉంది అంటారు, ఫోన్‌లో వీడియో తీస్తారు. పక్కింటి ఆవిడ ఇబ్బంది పడుతున్నదని చెప్పినప్పుడు ముందుగా చట్టం పేరు వినిపిస్తే, ఆ సేవ మీద గౌరవం ఎలా కలుగుతుంది? మా పెద్దలు అడగడాన్ని తప్పు పట్టడం లేదు. అడిగే తీరులో తమకు చోటు లేదని బాధపడుతున్నారు.

అంబర్‌పేట_నివాసి

2023 ఫిబ్రవరి 19 ఆదివారం. తండ్రి కాపలా పని చేసే చోటుకు వెంట వచ్చిన నాలుగేళ్ళ బాలుడిని మా అంబర్‌పేటలో కుక్కలు చుట్టుముట్టి చంపాయి. సీసీ కెమెరాలో పడిన ఆ దృశ్యాన్ని దేశమంతా చూసింది. రాష్ట్ర హైకోర్టు ఆ కేసును తనంతట తానుగా విచారణకు తీసుకుంది. ఆ కుటుంబం నాకు బంధువులు కారు, కానీ అప్పుడు నా కొడుకు వయసు కూడా అంతే.

ఆ వారంలో ఫోన్‌లో నేను చదివిన సందేశాల్లో ఎక్కువ భాగం ఒకే మాట చెప్పాయి: కుక్కలది తప్పు కాదు, ప్రభుత్వానిదే తప్పు. అది నిజమే అయి ఉండవచ్చు. అయినా ఒక బిడ్డ పోయిన ఇంటి వైపు తిరిగి ముందుగా చెప్పవలసిన మాట అదేనా? కుక్కను కొట్టిన వీడియో బయటికి వస్తే గంటలో పోలీసు స్టేషన్‌కు వెళ్ళేవారు, బిడ్డ పోయిన బస్తీకి వచ్చి ఆ తల్లి ముందు కూర్చోలేదు. వచ్చినవారు ఉంటే ఉండవచ్చు, నాకు కనబడలేదు. మా వీధిలో మీ వంటివారి మీద నమ్మకం లేకపోవడానికి కారణం నన్ను అడిగితే ఇదే చెబుతాను. ఇది సంస్కృతికి సంబంధించిన పెద్ద విషయం కాదు. దుఃఖంలో పక్కన నిలబడని వారి మాట మనం వినము, అంతే.

పశువైద్య_మిత్ర

అంబర్‌పేట నివాసి గారి మాటకు నా దగ్గర జవాబు లేదు, ఇవ్వబోను కూడా. కానీ అటువంటి మరణం మళ్ళీ జరగకుండా ఏమి చేయాలన్నది నా వృత్తికి సంబంధించిన విషయం కనుక కొంచెం వివరంగా రాస్తాను.

ఆడకుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది. గర్భం సుమారు 63 రోజులు. ఒక ఈతలో నాలుగు నుంచి ఆరు పిల్లలు పుట్టడం మామూలు. ఎదకు వచ్చిన ఆడకుక్క వెంట మగకుక్కలు గుంపు కడతాయి, వాటిలో అవి కొట్లాడుకుంటాయి. ఈనిన తల్లి తన పిల్లల దగ్గరికి ఎవరు వచ్చినా మీద పడుతుంది. వీధిలో మనుషులకు పడే కాట్లలో చెప్పుకోదగ్గ భాగం ఈ రెండు సందర్భాల్లోనే పడుతుంది. శస్త్రచికిత్స చేస్తే ఈ రెండు సందర్భాలూ తప్పుతాయి. మరునాటి నుంచే కాట్లు ఆగిపోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒక ప్రాంతంలో అత్యధిక భాగం కుక్కలకు తక్కువ కాలంలో, ఒక వీధి పూర్తయ్యాకే మరో వీధికి వెళుతూ చేస్తేనే సంఖ్య తగ్గుతుంది. నగరమంతా అక్కడొకటి ఇక్కడొకటి పట్టుకుని చేస్తే ఖర్చు అవుతుంది, ఫలితం మాత్రం ఉండదు.

పట్టుకుని ఊరవతల వదిలేస్తే ఏమవుతుందని చాలామంది అడుగుతారు. కోడిమాంసం దుకాణాల వెనుక పడేసే వ్యర్థాలు, ఫంక్షన్ హాళ్ళ ఎంగిలి విస్తళ్ళు, చెత్తకుండీలు తీసేసిన తర్వాత కూడా జనం అలవాటుగా చెత్త వేసే మూలలు అలాగే ఉన్నంత కాలం, ఖాళీ అయిన చోటుకు పక్క ప్రాంతపు కుక్కలు వస్తాయి. వాటికి టీకా ఉండదు, శస్త్రచికిత్స ఉండదు, అక్కడి మనుషులతో అలవాటు ఉండదు. టీకా వేసిన కుక్క తన వీధిలోనే ఉంటే, బయటి కుక్కను లోపలికి రానివ్వదు. కుక్కల్లో 70 శాతానికి టీకా ఉంటే వాటి మధ్య రేబిస్ వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గోవాలో ఏళ్ళ తరబడి ఈ పద్ధతిలోనే టీకాలు వేసి, 2021లో దేశంలోనే మొదటి రేబిస్ నియంత్రిత రాష్ట్రంగా ప్రకటించుకున్నారు.

ఇక స్వచ్ఛంద కార్యకర్తల సంగతి. వారు లేకుండా ఈ పని సాగదని నేను అనుభవంతో చెబుతున్నాను. వల పట్టుకుని వాహనం దిగగానే వీధి వీధంతా కుక్కలు మాయమవుతాయి. దొరికేవి మెతకవి మాత్రమే. అసలు పట్టవలసిన బెదురు కుక్కలు దొరకవు. రోజూ అన్నం పెట్టే మనిషి పిలిస్తే అవి వస్తాయి. ఏ కుక్కకు పాలు తాగే పిల్లలున్నాయో, దేనికి ఆరు నెలల వయసు నిండలేదో, వాటిని ఇప్పుడు ఎందుకు తీసుకువెళ్ళకూడదో ఆ మనిషికే తెలుసు. మత్తు ఇవ్వడానికి ముందు కడుపు ఖాళీగా ఉండాలి కనుక ముందు రాత్రి అన్నం పెట్టవద్దని చెబితే పాటించేదీ ఆ మనిషే. శస్త్రచికిత్స అయిన కుక్కను వేరే వీధిలో దించితే, ఇది మా వీధిది కాదని గుర్తుపట్టి వెనక్కి పంపేది కూడా ఆ మనిషే.

రాత్రి_షిఫ్ట్

హైటెక్ సిటీ నుంచి తెల్లవారుజామున బండి మీద ఉప్పల్ వస్తాను. రామంతాపూర్ దాటాక వెంటపడతాయి. కుక్కల కోసం ఇంత చేస్తున్నవారు మాబోటి వారి కోసం ఒక్క మాట చెప్పండి, ఆ సమయంలో మేము ఏమి చేయాలి?

పశువైద్య_మిత్ర

వేగం పెంచకండి. చాలామంది పడిపోయి గాయపడేది కాటు వల్ల కాదు, బండి అదుపు తప్పడం వల్ల. వేగం తగ్గించండి, అవసరమైతే ఆపి, కాలు ఆడించకుండా నిలబడండి. ఎక్కువ కుక్కలు అక్కడితో ఆగిపోతాయి. ఏ మలుపు దగ్గర వెంటపడుతున్నాయో ఇక్కడ రాయండి. ఒకే చోట రోజూ జరుగుతున్నదంటే అక్కడ పిల్లలను పెట్టిన తల్లి ఉండవచ్చు, లేదా చెత్త వేసే మూల ఉండవచ్చు. రెండింటికీ పరిష్కారం ఉంది.

న్యాయపథం

కార్యదర్శి గారు చట్టం ప్రస్తావన తెచ్చారు కనుక, అది నిజానికి ఏమి చెబుతున్నదో రెండు వైపుల వారూ తెలుసుకోవడం మంచిది. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 1960 నాటిది. మొదటిసారి నేరానికి అందులో జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల వరకే, ఇప్పటికీ అంతే. అయితే జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ఇరవై వీధికుక్కలను తుపాకితో కాల్చి చంపారు. కుక్కల మీద కోపం ఎంత దూరం వెళ్ళగలదో ఆ ఊరు చూపింది.

కుక్కల సంతాన నియంత్రణ నిబంధనలు మొదట 2001లో వచ్చాయి, వాటి స్థానంలో 2023 మార్చిలో కొత్తవి వచ్చాయి. శస్త్రచికిత్స, టీకా చేయించవలసిన బాధ్యత స్థానిక సంస్థదే. చేసిన తర్వాత పట్టిన చోటనే వదలాలి. 20వ నిబంధన అన్నం పెట్టడం గురించి చెబుతుంది. కాలనీ సంఘమే అందుకు చోటు చూపించాలి. పిల్లలు ఆడుకునే స్థలానికి, మెట్లకు, రాకపోకల ద్వారాలకు ఆ చోటు దూరంగా ఉండాలి. పిల్లలు, పెద్దలు తిరిగే సమయాన్ని లెక్కలోకి తీసుకోవాలి. పెట్టినవారు మెతుకు మిగలకుండా శుభ్రం చేయాలి. కార్యదర్శి గారు చెప్పిన విస్తరాకుల పద్ధతి నిబంధనలకే విరుద్ధం. చోటు చూపించకుండా అసలు పెట్టవద్దని అనడం కూడా అంతే విరుద్ధం.

సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఢిల్లీ, చుట్టుపక్కల నగరాల్లోని వీధికుక్కలన్నింటినీ ఆశ్రయాలకు తరలించమన్నది. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆగస్టు 22న దాన్ని సవరించింది. రేబిస్ ఉన్నవి, మీదపడే స్వభావం ఉన్నవి తప్ప మిగిలిన వాటిని శస్త్రచికిత్స, టీకా తర్వాత పట్టిన చోటనే వదలాలి, వార్డు వార్డుకూ అన్నం పెట్టే చోటు ఏర్పాటు చేయాలి, రోడ్ల మీద ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదు అన్నది. నవంబరు 7న మరో ఉత్తర్వు ఇస్తూ విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కలను తొలగించాలని, అక్కడే తిరిగి వదలకూడదని చెప్పింది. చట్టం మా వైపు ఉంది అని ఎవరైనా ఒకే ముక్కలో అంటే, సగం చదివారని అర్థం.

విశ్రాంత_తెలుగు_మాస్టారు

పాఠకురాలు గారి మూల ప్రశ్నకు వస్తాను. మహాప్రస్థానంలో ధర్మరాజు తన వెంట నడిచిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్న కథ మనందరికీ తెలుసు. సభల్లో చెబుతాము, పిల్లలకు చెబుతాము. కానీ అదే భారతం ఆదిపర్వంలో, కథ ఇంకా మొదలవుతుండగానే మరొక కుక్క ఉంది, దాని పేరు సరమ. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి ఆమె బిడ్డ సారమేయుడు ఆడుకుంటూ వస్తాడు. రాజు తమ్ముళ్ళు వాడిని కొడతారు. వాడు హవిస్సును ముట్టలేదు, కనీసం అటు చూడలేదు. ఏడుస్తూ తల్లి దగ్గరికి వెళతాడు. సరమ నేరుగా ఆ యాగశాలకు వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టించావని రాజును నిలదీస్తుంది. సభలో ఎవరూ నోరు మెదపరు. అకారణంగా బలహీనులకు కీడు చేసేవారికి ఊహించని భయాలు వస్తాయని చెప్పి ఆమె వెళ్ళిపోతుంది. నన్నయ గారి తెలుగు పద్యాల్లో ఇది మొదటి ఘట్టాలలో ఒకటి.

ధర్మరాజు కథలో కుక్క నోరు తెరవదు, కరుణ అంతా మనిషిది, కీర్తి కూడా మనిషిదే. సరమ కథలో దెబ్బ తిన్నవారి పక్షాన ఒకరు వచ్చి అధికారంలో ఉన్నవారిని అడుగుతారు. మొదటి కథను గుండెకు హత్తుకున్నాము, రెండవది చాలామందికి గుర్తు కూడా లేదు. మన ఇళ్ళలో పిల్లలను పెంచే తీరులోనూ ఇదే ఉంది. పెట్టడం నేర్పుతాము. అడగడాన్ని ఎదురు మాట్లాడటంగా లెక్కిస్తాము. ఆడపిల్ల అడిగితే మరీ. దానం చేసినవాడు ఎవరికీ ఇబ్బంది కలిగించడు. హక్కుగా అడిగినవాడు ఎదుటివారికి ఒక బాధ్యతను గుర్తుచేస్తాడు, అందుకే ఎవరికీ నచ్చడు.

అయితే ఒక మాట. సరమ తన బిడ్డ కోసం వచ్చింది, ఆ బాధ ఆమె సొంతం. అంబర్‌పేట నివాసి గారు అడుగుతున్నదీ అటువంటి ప్రశ్నే. అక్కడ కూడా సభ మౌనంగానే ఉండిపోయింది.

గచ్చిబౌలి_విద్యార్థి

ఇది విదేశాల నుంచి తెచ్చుకున్న మోజు అనే మాట నేను తరచుగా వింటాను, అది చరిత్రకు నిలబడదు. 1832లో బొంబాయిలో కంపెనీ ప్రభుత్వం వీధికుక్కలను చంపిస్తుంటే పార్సీలు రోడ్డెక్కి ఎదిరించారు. స్వతంత్ర భారతంలో 1960 చట్టానికి దారి వేసింది రాజ్యసభ సభ్యురాలుగా రుక్మిణీదేవి అరండేల్ తెచ్చిన ప్రైవేటు బిల్లు. చంపడం మాని పుట్టుకను అదుపు చేసే పనిని మద్రాసులో బ్లూక్రాస్ అనే జంతు సంక్షేమ సంస్థ 1964లోనే మొదలుపెట్టింది. మన నగరంలో సినీనటి అమల గారు 1990లలో బ్లూక్రాస్ ప్రారంభించినప్పుడు సినిమావాళ్ళకు పనిలేదని నవ్వినవారు ఉన్నారని మా నాన్నగారు చెబుతుంటారు.

పోనీ మన నగరానికి ఉద్యమం కొత్తా? ఇందిరాపార్కు దగ్గర ధర్నా చౌక్‌ను 2017లో మూసివేస్తే, ధర్నా చేసుకునే హక్కు కోసమే ధర్నా చేసిన ఊరు ఇది. 2025లో కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల కోసం విద్యార్థులు నిలబడినప్పుడు ఎన్నో కుటుంబాలు మెచ్చుకున్నాయి. చెట్ల కోసం నిలబడిన అమ్మాయిని మెచ్చుకున్న ఇంట్లోనే, కుక్కల కోసం రాత్రి పూట వీధిలోకి వెళ్ళే అమ్మాయిని తిడతారు. మా బృందంలోని ఒక అక్కను ఫోటో తీసి కాలనీ వాట్సాప్‌లో పెట్టి, ఆమె నడవడి మీద వ్యాఖ్యలు రాశారు. ఆ వ్యాఖ్యల్లో కుక్కల గురించి ఒక్క అక్షరం లేదు. ఇది కుక్కల సమస్య కాదని, రాత్రి తొమ్మిది తర్వాత స్త్రీ వీధిలో ఎందుకు ఉందన్నదే వారి సమస్య అని నేను నమ్ముతున్నాను.

చార్మినార్_నివాసి

మా పెద్దలు కుక్కను ఇంట్లోకి రానివ్వరు. దాని లాలాజలం తగిలితే బట్టలు కడుక్కోవాలని, అవి కట్టుకుని నమాజుకు వెళ్ళకూడదని మాకు చిన్నప్పుడే నేర్పారు. దానితోపాటే, దాహంతో నాలుక వేలాడేసిన కుక్కకు తన కాలిజోడుతో బావి నుంచి నీళ్ళు తోడి తాగించిన మనిషిని అల్లా క్షమించాడనే హదీసు కూడా నేర్పారు. దూరం పాటించడం, దయ చూపడం, ఈ రెండింటి మధ్య మాకు ఎప్పుడూ చిక్కు రాలేదు. మా గల్లీలో ఎండాకాలం గేటు బయట మట్టి మూకుడులో నీళ్ళు పెడతారు, కుక్కను ముట్టుకోరు. బయటి నుంచి వచ్చే కార్యకర్తలు కొందరు కుక్కను ఒళ్ళో కూర్చోబెట్టుకోని వారికి ప్రేమ లేదని అనుకుంటారు. ఆ అంచనా సరి కాదని తెలుసుకుంటే మా వైపు పని తేలికవుతుంది. గల్లీలో మాంసం దుకాణాల వారితో, మసీదు కమిటీతో ముందుగా మాట్లాడండి. వ్యర్థాలు ఎక్కడ పడుతున్నాయో వారికే తెలుసు. మా దగ్గర యువకులు ఈ పని మీద చాలా శ్రద్ధగా ఉన్నారు, కానీ ఆంగ్లంలో రాసే వారి జాబితాల్లో వారి పేర్లు ఉండవు.

నారాయణగూడ_సిస్టర్

కుక్కల గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం కనుక కాటు గురించి కూడా స్పష్టంగా రాయనివ్వండి. పంటి గాటు చిన్నదైనా వెంటనే కుళాయి కింద ధారగా నీళ్ళు వదిలి, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి, నాటుమందు ఏదీ రాయకూడదు. కట్టు కట్టకూడదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే ప్రతిరక్షకాల మందు) కూడా ఇవ్వాలి. టీకా ఒక్క మోతాదుతో సరిపోదు, రాసిన తేదీలన్నింటికీ రావాలి. నొప్పి తగ్గిందని మూడో మోతాదుకు రాని వారిని చూస్తే నాకు భయం వేస్తుంది. నగరంలో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లోనూ, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ టీకా ఉంటుంది. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి తెచ్చినా ప్రాణం నిలపడం దాదాపు అసాధ్యం. ప్రపంచంలో రేబిస్ మృతుల్లో ప్రతి పదిమందిలో నలుగురు పదిహేనేళ్ళ లోపు పిల్లలే.

పిల్లలు కాటు సంగతి ఇంట్లో దాస్తారు, తిడతారనో సూదికి భయపడో. కార్యకర్తలు కుక్క పక్షాన మాట్లాడే ప్రతి చోటా ఈ నాలుగు మాటలు చెబితే వారి మీద నమ్మకం దానంతట అదే పెరుగుతుంది.

తార్నాక_పాఠకురాలు

అందరికీ కృతజ్ఞతలు. అంబర్‌పేట నివాసి గారూ, మీరు రాసినది చదివి చాలాసేపు జవాబు రాయలేకపోయాను. కుక్కల తరఫున అడగడానికి నాకు ఎంత హక్కు ఉందో, ఆ తల్లి తరఫున అడగవలసిన బాధ్యత కూడా అంతే ఉందని నేను నమ్ముతాను. శస్త్రచికిత్సలు, టీకాలు సకాలంలో జరగాలని మేము పెట్టే అర్జీ నిజానికి ఆ రెండు పక్షాలదీ. దానిని కుక్కల అర్జీగా మాత్రమే జనం చదువుతున్నారంటే, మేము వెళ్ళని ఇళ్ళు చాలా ఉన్నాయని అర్థం. మీ బస్తీకి రావడానికి మీరు అనుమతిస్తే వస్తాము. మాట్లాడటానికి కాదు, వినడానికి.

విద్యార్థి గారు చెప్పిన విషయాన్ని మాత్రం నేను తేలికగా తీసుకోను. స్త్రీల ఫోటోలు పెట్టి వారి నడవడిని చర్చించే వాట్సాప్ సమూహాల్లో పెద్దమనుషులు ఉంటారు. వారిలో ఒక్కరు అది తప్పని రాసినా ఆ వ్యాఖ్యలు ఆగుతాయి.

హబ్సిగూడ_సంఘం_కార్యదర్శి

ఆ చివరి మాట నాకు కూడా వర్తిస్తుందని గ్రహించాను. మా సమూహంలో అటువంటిది కనబడితే నేనే రాస్తాను. అన్నం పెట్టే చోటు విషయానికి వస్తే, మా కాలనీ పార్కు వెనుక, నీళ్ళ ట్యాంకు గోడ పక్కన ఖాళీ స్థలం ఉంది. పిల్లల ఊయలలు అటువైపు లేవు, బడి పిల్లలు ఆ దారిన వెళ్ళరు. కార్యవర్గ సమావేశంలో ప్రతిపాదిస్తాను. షరతులు నావి: రాత్రి పది తర్వాతే పెట్టాలి, స్టీలు గిన్నెల్లో పెట్టి అరగంటలో తీసేయాలి, బయటి నుంచి వచ్చేవారి పేర్లు సంఘానికి తెలియాలి, టీకా పడిన కుక్కల జాబితా నోటీసు బోర్డు మీద ఉండాలి. కార్యవర్గంలో ముగ్గురైనా వ్యతిరేకిస్తారు. ఒప్పుకుంటారని ఇప్పుడే మాట ఇవ్వలేను.

రాత్రి_షిఫ్ట్

రామంతాపూర్‌లో ప్రధాన రహదారి నుంచి లోపలికి తిరిగే మలుపులో చికెన్ సెంటర్ పక్కన గోధుమ రంగు కుక్క, పిల్లలతో ఉంది. ఈ రోజు బండి ఆపి చూశాను. చెవికి గాటు లేదు.

పశువైద్య_మిత్ర

మంచి సమాచారం. పిల్లలు పాలు మానేదాకా తల్లిని పట్టకూడదు. అప్పటివరకు ఆ దుకాణం వారు వ్యర్థాలను మూత ఉన్న డబ్బాలో వేసేలా మాట్లాడాలి. ఆ తర్వాత తల్లిని శస్త్రచికిత్సకు, ఆరు నెలలు నిండగానే పిల్లలను కూడా పంపవచ్చు.

అంబర్‌పేట_నివాసి

నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. చిన్నపిల్లలు తిరిగే సందులో కుక్కలు గుంపుగా ఉండకూడదనే అంటాను, చెవికి గాటు ఉన్నా లేకున్నా. పాఠకురాలు గారు ఆదివారం ఉదయం రావచ్చు. మా వీధిలో మీరు చూడని ఒక విషయం కూడా చూపిస్తాను. ఇక్కడ ఇడ్లీ బండి నడిపే అవ్వ మిగిలిన ఇడ్లీలు రోజూ కుక్కలకు వేస్తుంది. ఆ కుక్కలు ఆమె మాట వింటాయి, పిల్లల మీదికి వస్తే ఆమె ఒక్క కేక వేస్తే వెనక్కి తగ్గుతాయి. ఆమెకు మీ సమూహాల పేర్లు తెలియవు. వాటిని పట్టే రోజు ఆమె ఉంటే మీకు వల అవసరం ఉండదు, కనుక ముందు ఆమెను ఒప్పించండి. కుక్కలను తీసుకువెళ్ళి చంపేస్తారని ఆమెకు భయం. తిరిగి తెచ్చి వదిలే రోజు ఏదో ఆమెకు ముందే చెప్పాలి, ఆ రోజు తప్పకూడదు. వచ్చేటప్పుడు వీలైతే నారాయణగూడ సిస్టర్ గారిని కూడా తీసుకురండి. మా వైపు ఇప్పటికీ కాటుకు సున్నం రాసేవారు ఉన్నారు.